సైన్యమా, నౌకాదళమా, వైమానిక దళమా: చేరేముందు ఆలోచించవలసినవి

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో మా ఇంటి గుమ్మం ముందు చెప్పుల జతలు పెరుగుతాయి. పిల్లలు ముగ్గురు నలుగురు కలిసి వస్తారు. ఒకణ్ణి ముందుకు నెట్టి అడిగిస్తారు: "సార్, ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లో ఏది మంచిది?" నేను లెక్కలు చెప్పేవాణ్ణి, సైనికుణ్ణి కాదు. కానీ మా అన్నయ్య ఫిరంగి దళంలో పనిచేసి వచ్చాడు. నా దగ్గర చదివిన పిల్లలు మూడు దళాల్లోనూ ఉన్నారు. సెలవుకు వచ్చినప్పుడల్లా వాళ్లు చెప్పేవి వింటూనే ఉన్నాను. వాటిని బట్టి నాకు అర్థమైనది ఇక్కడ రాస్తున్నాను.

"ఏది మంచిది" అని అడిగినన్నాళ్లూ సరైన జవాబు దొరకదు. దానికి బదులు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. యుద్ధం వస్తే ఆ దళంలో ముందుకు వెళ్లేది ఎవరు? యుద్ధం లేని రోజు అక్కడ ఎలా గడుస్తుంది? మూడు దళాలకూ ఈ రెండింటి జవాబులు వేరు. మనం బయటినుంచి చూసి ముచ్చటపడే సంప్రదాయాలన్నీ ఆ జవాబుల నుంచి పుట్టినవే.

సైన్యంతో మొదలుపెడతాను, మన పిల్లల్లో ఎక్కువమంది ముందుగా చూసేది దాన్నే గనుక.

2020 జూన్ 15 రాత్రి లదాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో కర్నల్ సంతోష్ బాబు అమరుడయ్యారు. సూర్యాపేట వాసి, కోరుకొండ సైనిక పాఠశాలలో చదివినవారు. 16 బిహార్ రెజిమెంటుకు కమాండింగ్ అధికారి. ఆ ఘర్షణలో ఆయనతో కలిపి 20 మంది ప్రాణాలు అర్పించారు. ఒక పటాలానికి అధిపతి అయిన వ్యక్తి వెనక ఉండి ఆదేశాలు ఇవ్వలేదు, తన మనుషుల ముందు నిలబడ్డారు. సైన్యంలో ముందుకు వెళ్లేది జవాను, అధికారి ఇద్దరూ. పక్కనున్న మనిషిని నమ్మి అడుగు వేయాలి. అక్కడి ఆచారాలన్నీ ఆ నమ్మకాన్ని పెంచడానికి ఉన్నవే.

అందుకే సైన్యంలో మనిషికి తన రెజిమెంటే ఇల్లు. మద్రాస్ రెజిమెంటు చరిత్ర 1758 నుంచి ఉంది, పదాతి దళాల్లో అన్నిటికంటే పాతది. నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో దాని కేంద్రం. "స్వధర్మే నిధనం శ్రేయః" అన్న గీతావాక్యం దాని నినాదం. చాలా యూనిట్లలో గుడి, మసీదు, చర్చి, గురుద్వారా ఒకే కప్పు కింద ఉంటాయి, దాన్ని సర్వధర్మ స్థలం అంటారు. బడాఖానా అనే విందు రోజున అధికారులు జవాన్లతో కలిసి కూర్చుని తింటారు. ఏ రాష్ట్రం నుంచి వచ్చిన అధికారి అయినా తన జవాన్ల భాష నేర్చుకోవాలి, వాళ్ల పండగ జరపాలి. ఫిరంగి దళానికి వేరే జెండా ఉండదు, ఫిరంగే వాళ్ల జెండా. అన్నయ్య గోల్కొండలోని ఆర్టిలరీ కేంద్రంలో శిక్షణ పొందాడు. రిటైరై ఎన్నేళ్లయినా ఫిరంగి మీద కాలు పెట్టి ఫొటో దిగిన వాళ్లెవరినైనా చూస్తే ఆయనకు కోపం వస్తుంది.

ఆయన వెంట వచ్చిన నల్ల ఇనపపెట్టె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మూత మీద తెల్ల రంగుతో సర్వీసు నంబరు, హోదా, పేరు. నంబరు అలాగే ఉంది. హోదా మాత్రం మూడుసార్లు చెరిపి రాసినట్టు ఆ రంగు దళసరిగా తేలింది. అందులో ఒక మనిషి సామాను మొత్తం పట్టాలి, ఎన్ని బదిలీలైనా అంతే. కొన్నేళ్లు సరిహద్దులో ఫీల్డ్ పోస్టింగ్, కొన్నేళ్లు కుటుంబాన్ని తెచ్చుకోగలిగిన పీస్ పోస్టింగ్, మళ్లీ ఫీల్డ్. ఇలా సాగుతుంది సైనికుడి జీవితం. మా వదిన పెళ్లైన మొదటి ఆరేళ్లలో ఆయనతో కలిసి ఉన్న నెలలను వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేది. రెగ్యులర్ జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. కాగితం మీద అది ఎక్కువగానే కనిపిస్తుంది, కానీ మనకు కావలసిన రోజున దొరుకుతుందన్న హామీ లేదు.

ఇక అన్నిటికంటే కష్టమైన చోటు సియాచిన్. 1984 ఏప్రిల్‌లో ఆపరేషన్ మేఘదూత్‌తో మన సైన్యం అక్కడికి చేరింది, అప్పటి నుంచి దిగిరాలేదు. చలికాలంలో సున్నాకు దిగువన 50 డిగ్రీలు. అక్కడ పనిచేసేవారికి 2017 నుంచి నెలకు జవాన్లకు 30,000, అధికారులకు 42,500 రూపాయల ప్రత్యేక భత్యం ఇస్తున్నారు. ఆ డబ్బు చూసి ఆశపడకండి. వేళ్లు మొద్దుబారిపోయే చోట, చెమట పట్టిన సాక్సు గడ్డకట్టే చోట, మూడు నెలలు ఒక చిన్న గుడారంలో అవే నాలుగైదు ముఖాలతో గడపాలి. అన్నయ్య మాటల్లో చెప్పాలంటే, "అక్కడ చలి కంటే మాట పట్టింపు ప్రమాదం."

కాబట్టి సైన్యం ఎవరికి నప్పుతుంది? మనుషులతో కలిసిపోగలవారికి, ఒంటరిగా ఉంటే తోచనివారికి, నేల మీద పడుకుంటే నిద్రపట్టేవారికి, కుటుంబం దూరాన్ని విడతలు విడతలుగా తట్టుకోగలిగినవారికి. పశ్చిమ గోదావరిలోని మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని ఎందుకంటారో ఒకసారి ఆ ఊరి పెద్దలతో మాట్లాడితే తెలుస్తుంది. అక్కడ ఆ వృత్తి తరతరాలుగా ఇంటి అలవాటు. అలాంటి ఇంట్లో పుట్టనివారు ముందు తమ ఇంటివారిని సిద్ధం చేయాలి.

నౌకాదళం సంగతి వేరు. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధం జరుగుతుండగా, డిసెంబరు 9న డయ్యూ తీరానికి దూరంగా మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ ఖుక్రీ మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు అందులోనే ప్రాణాలు విడిచారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదలకుండా దానితోపాటే మునిగిపోయారు. ఓడలో కెప్టెన్, వంటవాడు, ఇంజను గదిలో నూనె పూసేవాడు అందరూ ఒకే ఇనుప గోడల మధ్య ఉంటారు. తేలితే అందరూ తేలుతారు, మునిగితే అందరూ మునుగుతారు. ఓడ ఎక్కిన ప్రతి నావికుడూ క్వార్టర్ డెక్‌కు, అంటే ఓడ వెనక భాగపు పై అంతస్తుకు, సెల్యూట్ చేయడం అందుకే. అక్కడ మనిషి ఉన్నా లేకపోయినా సెల్యూట్ ఓడకే.

నావికుల సెల్యూట్‌లో అరచేయి కిందికి వంగి ఉంటుంది. తాళ్లు, తారు, గ్రీజు అంటిన అరచేతిని ఎదుటివారికి చూపకూడదని ఆ అలవాటు వచ్చిందంటారు. సైన్యంలోనైతే అరచేయి ఎదుటివారికి కనబడేలా తెరిచి ఉంటుంది. వైమానిక దళం 2006లో ఈ రెండింటికీ నడుమ, 45 డిగ్రీల కోణంలో తనదైన సెల్యూట్‌ను నిర్ణయించుకుంది. గణతంత్ర దినోత్సవ పరేడు చూసేటప్పుడు గమనించండి, చేతిని బట్టి దళాన్ని చెప్పవచ్చు.

ఓడలో రోజు ఎలా గడుస్తుందో చెప్పడానికి నాకు నచ్చిన లెక్క ఒకటి ఉంది. సముద్రంలో ఓడ నిద్రపోదు కాబట్టి కావలి వంతులు ఉంటాయి. నాలుగేసి గంటల వంతును వాచ్ అంటారు. రోజుకు ఆరు వంతులు. ఆరును రెండు జట్లకు పంచినా, మూడు జట్లకు పంచినా శేషం మిగలదు. అంటే అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు వరకు ఉండే వంతు రోజూ ఒకే జట్టు నెత్తిన పడుతుంది. అందుకని సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు ఉన్న వంతును రెండు గంటల చొప్పున రెండుగా చీల్చారు. వాటికి డాగ్ వాచ్ అని పేరు. ఇప్పుడు వంతులు ఏడు. రెండుతో భాగించినా, మూడుతో భాగించినా శేషం ఒకటి. ఆ ఒకటే జట్లను రోజుకో వంతు చొప్పున ముందుకు జరుపుతుంది. వందల ఏళ్ల క్రితం తెరచాప ఓడల మీద పుట్టిన ఈ ఏర్పాటు తరగతిలో చెబితే పిల్లలు నవ్వుతారు. ఓడ ఎక్కినవాడు మాత్రం దీని అర్థం నిద్ర ముక్కలు ముక్కలుగా దొరకడమే అంటాడు. ఎనిమిది గంటలు ఏకధాటిగా పడుకోకపోతే తల పనిచేయనివారు దీన్ని ముందే ఆలోచించుకోవాలి.

విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో ఉన్న ఐఎన్‌ఎస్ కురుసురా జలాంతర్గామి మ్యూజియానికి మీ తల్లిదండ్రులను తీసుకుని వెళ్లండి. సుమారు 91 మీటర్ల పొడవైన ఆ గొట్టం 1969లో దళంలో చేరి 2001 దాకా నడిచింది. లోపలికి అడుగుపెట్టి టార్పెడోల పక్కనే ఉన్న పడకలు చూడండి, ఒక గది నుంచి మరో గదికి వెళ్లే గుండ్రటి తలుపులో నుంచి దూరండి. జనం తోసుకుంటున్న ఆ పది నిమిషాల్లోనే ఊపిరాడనట్టు అనిపిస్తే జలాంతర్గామి విభాగం మీకు కాదు. నేను ఐదేళ్లలో రెండుసార్లు విద్యార్థులను తీసుకువెళ్లాను. బయటికి రాగానే కొందరు సముద్రం వైపు చూస్తూ మాట్లాడకుండా నిలబడిపోతారు, కొందరు మళ్లీ లోపలికి వెళదామంటారు. ఎవరు ఏ దారిన పోతారో అక్కడే నాకు తెలిసిపోతుంది.

తెలుగువారికి నౌకాదళంలో ఒక సౌకర్యం ఉంది. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం విశాఖలోనే ఉంది. అంతమాత్రాన ఇంటి దగ్గరే ఉంటామనుకోవద్దు, ముంబయి, కొచ్చి, అండమాన్ ఎక్కడికైనా పంపవచ్చు. కానీ ఓడ రేవులో ఉన్నన్నాళ్లూ నావికుడు సాయంత్రం ఇంటికి వెళ్లగలడు. సైన్యంలో ఎడబాటు ఏళ్ల లెక్కన ఉంటే, ఇక్కడ వారాలు, నెలల లెక్కన తరచుగా వస్తుంది. ఏది తట్టుకోగలరో మీ ఇంట్లోవారే చెప్పాలి.

ఆడపిల్లలు నన్ను అడిగినప్పుడు తారిణి గురించి చెబుతాను. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరిన ఆ తెరచాప పడవలో ఆరుగురు మహిళా అధికారులు 254 రోజుల్లో భూమిని చుట్టి వచ్చారు. వారిలో పాతర్లపల్లి స్వాతిది విశాఖ, బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాద్. జాతీయ రక్షణ అకాడమీ నుంచి తొలి మహిళా కేడెట్లు 17 మంది 2025 మే నెలలో శిక్షణ ముగించి బయటికి వచ్చారు. సైన్యంలో పదాతి దళం తలుపులు మహిళలకు ఇంకా తెరుచుకోలేదు. నౌకాదళం, వైమానిక దళాల్లో అగ్నివీర్ (నాలుగేళ్ల సర్వీసుకు చేరే సిపాయి) స్థాయిలోనూ వారికి చోటు ఉంది.

వైమానిక దళం దగ్గరికి వస్తే ముందుగా ఒక అపోహ తీర్చాలి. ఏటా ఒకరిద్దరైనా "ఎయిర్‌మన్‌గా చేరి తర్వాత పైలట్ అవుతాను సార్" అంటారు. ఎయిర్‌మన్ ఉద్యోగం విమానం నడిపేది కాదు. విమానాన్ని ఎగరడానికి సిద్ధం చేసేది, రాడార్ చూసేది, సమాచార వ్యవస్థను నడిపేది, ఆయుధాలను అమర్చేది. యుద్ధ విమానం నడపాలంటే అధికారిగానే చేరాలి. దానికి ఇంటర్‌తో ఎన్‌డీఏ (జాతీయ రక్షణ అకాడమీ ప్రవేశ పరీక్ష), డిగ్రీ తర్వాత సీడీఎస్ (మూడు దళాల అధికారుల ఎంపిక పరీక్ష), ఏఎఫ్‌క్యాట్ (వైమానిక దళం సొంత పరీక్ష) వంటి దారులున్నాయి. ఆపై హైదరాబాద్ పక్కన దుండిగల్ అకాడమీ. ఫ్లైయింగ్ విభాగానికి కంప్యూటర్ పైలట్ ఎంపిక పరీక్ష జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు, తప్పితే ఆ దారి మూసుకుపోయినట్టే. ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు ఉండాలి, కాళ్ల పొడవు, కూర్చున్నప్పటి ఎత్తు కూడా కొలుస్తారు. కాక్‌పిట్ కొలతలు మన కోసం మారవు కదా.

సైన్యంలో జవాను, అధికారి కలిసి ముందుకు వెళతారన్నాను. ఓడలో అందరూ వెళతారన్నాను. ఇక్కడ ఒకరో ఇద్దరో ఎగిరిపోతారు, వందలమంది నేల మీద ఎదురుచూస్తారు. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీదికి శత్రువిమానాలు వచ్చినప్పుడు ఫ్లైయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ తన నాట్ విమానంతో ఆరు సేబర్ జెట్లను ఎదుర్కొన్నారు. వైమానిక దళంలో పరమవీర చక్ర పొందినది ఆయన ఒక్కరే. ఆ ఒక్కడూ పైకి లేవడానికి నేల మీద ఎన్ని చేతులు పనిచేసి ఉంటాయి!

ఆ చేతుల సంప్రదాయం చప్పుడు లేనిది. నా విద్యార్థి ఒకడు విమానాల మరమ్మతు విభాగంలో ఉన్నాడు. వాడు చెప్పేదాకా నాకు 700 నంబరు ఫారం గురించి తెలియదు. ప్రతి విమానానికీ ఆ రికార్డు ఉంటుంది. ఏ భాగం ఎవరు చూశారో వారు సంతకం పెడతారు. చివరికి పైలట్ దాన్ని చదివి, తానూ సంతకం చేసి విమానం తీసుకుంటాడు. ఆ సంతకాలను నమ్మే అతడు నింగిలోకి వెళ్లేది. ఒకసారి డ్యూటీ ముగిసే వేళ పనిముట్ల పెట్టెలో చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి తక్కువైందట. పెట్టెలో ప్రతి పనిముట్టుకూ దాని ఆకారంలోనే కోసిన గూడు ఉంటుంది, ఏది లేకపోయినా ఖాళీ కనబడిపోతుంది. అది దొరికేదాకా విమానాన్ని కదలనివ్వలేదు, మనుషులనూ వెళ్లనివ్వలేదు. ఇంజనులోకి జారి ఉంటే మర్నాడు ఒక ప్రాణం పోతుంది. రాత్రి రెండు గంటలకు చేతులు తుడుచుకున్న గుడ్డ మడతలో దొరికింది. "సార్, ఆ మడత విప్పింది నేనే. నా చేతులు వణికాయి," అన్నాడు. చెబుతున్నప్పుడు కూడా వాడి చూపు వాడి వేళ్ల మీదే ఉంది.

వైమానిక దళం అడిగేది ఈ నిజాయితీని, ఈ నిదానాన్ని. చేసిన తప్పును తానే ముందుగా చెప్పగలిగే గుణం లేనివాడు అక్కడ ప్రమాదకరం. శరీర శ్రమ మిగతా రెండింటికంటే కొంత తక్కువ, చదువు మాత్రం ఎప్పటికీ ఆగదు. ఎక్కువమంది స్థిరమైన స్టేషన్లలో పనిచేస్తారు, కుటుంబంతో ఉండే అవకాశాలు మెరుగ్గా ఉంటాయి. ఎంపీసీ చదివి యంత్రం మూత తీసి చూడాలనే తహతహ ఉన్న పిల్లలకు నేను దీన్నే ముందు చెబుతాను. పరుగు పరీక్షలోనూ దళాల స్వభావం కనిపిస్తుంది. మగపిల్లలకు 1.6 కిలోమీటర్లను సైన్యంలో ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే పూర్తి 60 మార్కులు. నౌకాదళం ఆరున్నర నిమిషాలు, వైమానిక దళం ఏడు నిమిషాలు ఇస్తాయి.

దళం ఎంచుకోవడం కంటే పెద్ద నిర్ణయం మరొకటి ఉంది. అగ్నివీర్‌గా వెళ్లాలా, అధికారిగా ప్రయత్నించాలా? 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద సర్వీసు నాలుగేళ్లు. మొదటి ఏడాది నెలకు 30,000, తర్వాత 33,000, 36,500, నాలుగో ఏడాది 40,000 రూపాయలు. అందులో 30 శాతం నిధికి పోతుంది, కాబట్టి మొదటి ఏడాది చేతికి వచ్చేది 21,000. ప్రభుత్వం కూడా అంతే మొత్తం జమచేస్తుంది. నాలుగేళ్ల చివర వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు సేవానిధిగా అందుతాయి. పింఛను, గ్రాట్యుటీ ఉండవు. గరిష్ఠంగా 25 శాతం మందినే రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. చేరే నాటికి పెళ్లి అయి ఉండకూడదు.

ఈ లెక్కను నేను బోర్డు మీద రాసి మరీ చూపిస్తాను. వందలో కనీసం 75 మంది ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో ఇంటికి తిరిగి వస్తారు. నువ్వు ఆ 75 మందిలో ఒకడివైతే ఐదో ఏడాది ఏం చేస్తావు? దీనికి జవాబున్న పిల్లవాడు నిశ్చింతగా వెళ్లవచ్చు, ఆ నాలుగేళ్ల క్రమశిక్షణ, చేతిలోని సొమ్ము మంచి పునాది అవుతాయి. జవాబు లేనివాడు, ముఖ్యంగా అప్పు చేసి కోచింగ్‌లో చేరినవాడు, ఒక ఏడాది ఆగి ఆలోచించాలి. ఇంటర్‌లో మంచి మార్కులుండి వయసు పదహారున్నర, పందొమ్మిదిన్నర మధ్య ఉంటే ఎన్‌డీఏ పరీక్ష రాయకుండా వదలొద్దు. సైన్యం విభాగానికి ఏ గ్రూపు చదివినా సరిపోతుంది. నౌకాదళం, వైమానిక దళాలకు లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలు కావాలి. అధికారులను ఎంపిక చేసే ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకు భయపడి మన పిల్లలు వెనక్కి తగ్గుతారు, ఇంగ్లిషు రాదని. అక్కడ చూసేది యాసను కాదు. పదిమందిలో ఒక పని పడినప్పుడు నువ్వేం చేస్తావన్నదే చూస్తారు.

పరీక్ష ఫీజు కట్టేముందు వంద రూపాయలో రెండు వందలో పెట్టి కళ్లు చూపించుకోండి, రంగులు గుర్తించే పరీక్షతో సహా. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటాయా, పాదం అడుగు చదునుగా ఉందా, చెవిలో గుబిలి ఉందా చూసుకోండి. పచ్చబొట్టు ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక వైపు తప్ప ఇతర చోట్ల ఉంటే ఇబ్బంది. నా విద్యార్థి ఒకడు రాత పరీక్ష, పరుగు రెండూ గెలిచి, ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియదని వైద్య పరీక్షలో ఆగిపోయాడు. రెండేళ్ల కష్టం. ముందే తెలిసి ఉంటే ఆ రెండేళ్లు వేరే చదువుకు వెళ్లేవి. వయసు పరిమితుల వంటి నిబంధనలు నోటిఫికేషన్‌కు నోటిఫికేషన్‌కు మారుతుంటాయి, ప్రతిసారీ అసలు ప్రకటనే చదవండి.

పోయిన వేసవిలో ఒక విద్యార్థి వాళ్ల అమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. జీతం, హోదా, పింఛను ఏదీ అడగలేదామె. "ఫోను ఎన్నాళ్లకోసారి చేయగలడండీ?" అని అడిగింది. తెలిసినంత చెప్పాను. వైమానిక దళంలోనైతే చాలా చోట్ల రోజూ మాట్లాడవచ్చమ్మా. సైన్యంలో చోటును బట్టి ఉంటుంది, మంచు పోస్టులోనైతే వంతు వచ్చేదాకా ఎదురుచూడాలి. ఓడ సముద్రంలోకి వెళితే అంతంత మాత్రమే, జలాంతర్గామి మునిగితే పైకి వచ్చేదాకా కబురుండదు. ఎప్పుడు వస్తారో కూడా ముందుగా చెప్పరు.

ఆమె కాసేపు కొడుకు వైపే చూసింది. వాడు తల వంచుకుని చేతిలోని నౌకాదళం దరఖాస్తు అంచును మడత పెడుతున్నాడు. "మునిగేముందైనా ఒక్క మాట చెప్పనిస్తారా?" అంది.

బయలుదేరే రోజు ముందుగా తెలిస్తే చెప్పనిస్తారన్నాను. ఆమె దరఖాస్తు అందుకుని, ఆ మడతను బొటనవేలితో సాపు చేసి, వాడి చేతికి తిరిగి ఇచ్చింది.